పీకిన పంటి వేరు మీద ఇంకా బతికే ఉన్న కణాల గురించి: దంత కళాశాలల పరిశోధన, ఎథిక్స్ కమిటీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దంత వైద్య కళాశాలల ప్రిన్సిపాళ్లకు, పరిశోధన సంఘాల సభ్యులకు, ఎథిక్స్ కమిటీల అధ్యక్షులకు, విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల్లో దంత విభాగాలు చూసే పెద్దలకు

నమస్కారాలు.

మీ కళాశాలల్లో రోజూ పళ్లు తీస్తారు. వాటిలో పుచ్చినవి, కదిలిపోయినవి, చీము పట్టినవి చాలా ఉంటాయి. కానీ క్లిప్పులు వేసే ముందు చోటు కోసం తీసే, కోరపళ్ల వెనకుండే ప్రీమోలార్లు, వంకరగా ఇరుక్కున్న జ్ఞానదంతాలు అలాంటివి కావు. వాటిలో చాలా వాటి వేర్లు ఆరోగ్యంగా ఉంటాయి. అప్పుడే తీసిన అలాంటి పన్నును వెలుతురులో పట్టుకుని చూస్తే వేరు మధ్యభాగంలో తడిగా, లేత గులాబి రంగులో సన్నటి పొర కనిపిస్తుంది. పన్నును ఎముకకు కట్టి ఉంచిన పెరియోడాంటల్ లిగమెంట్ అదే. పన్ను బయటికి వచ్చేటప్పుడు అది మధ్యకు చిరిగి, కొంత పన్ను కూర్చునే ఎముక గుంత (సాకెట్) గోడకు, కొంత వేరుకు అంటుకుని ఉండిపోతుంది. వేరు మీద ఉన్న భాగంలోని కణాలు అప్పటికి బతికే ఉంటాయి. స్టీలు ట్రేలో గాలికి ఆరితే గంట తిరిగేసరికి చాలా వరకు చనిపోతాయి. ఆ తర్వాత పన్ను పసుపు సంచిలోకి వెళ్తుంది.

మేం అడిగేవి రెండు. పరిశోధనకు పనికొచ్చే పన్నును తీసిన గదిలోనే సరిగ్గా భద్రపరిచే పద్ధతి పెట్టండి. ఆ కణాల మీద చేసే పీజీ పరిశోధనలకు అనుమతి ఇచ్చేటప్పుడు, ఈ లేఖలో రాసిన ప్రశ్నలు అడగండి.

ముందు ఈ పొరకు ఎందుకింత విలువో చెప్పాలి. దీని మందం 0.15 నుంచి 0.38 మిల్లీమీటర్లే. ఒకవైపు వేరును కప్పిన సిమెంటం, మరోవైపు దవడ ఎముక. మధ్యలో కొల్లాజెన్ తంతువులు, రక్తనాళాలు, నాడులు, ఎముకను కట్టే కణాలు, కరిగించే కణాలు. రెండు గట్టి గోడల మధ్య ఉన్నా ఈ కణజాలం తాను గట్టిపడకుండా ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది. ఎందుకు గట్టిపడదు అన్న ప్రశ్నకు ఇప్పటికీ పూర్తి సమాధానం రాలేదు. పంటి చుట్టూ జరిగే పరిశోధనలో ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదని మా అభిప్రాయం. ఆ కణాలు చనిపోతే ఎముక నేరుగా వేరుకు అతుక్కుంటుంది. తర్వాత వేరును కొద్దికొద్దిగా కరిగించి ఆ చోటును తానే నింపుతుంది. దెబ్బ తగిలి ఊడిన పన్నును బాగా ఆరిపోయాక తిరిగి పెట్టినప్పుడు జరిగేది ఇదే.

చిగుళ్ల జబ్బుతో పోయిన ఆధారం తిరిగి రావాలంటే, శుభ్రం చేసిన వేరును ఏ కణాలు ముందుగా చేరతాయన్నదే కీలకమని దంత పరిశోధకుడు టోనీ మెల్చర్ 1976లో ప్రతిపాదించారు. చిగురు పైపొర కణాలు ముందు దిగితే వేరు పొడవునా ఆ పొరే అతుక్కుంటుంది. ఎముక కణాలు చేరితే వేరు కరుగుతుంది. లిగమెంట్ కణాలు చేరితేనే కొత్త సిమెంటం, అందులో నాటుకున్న తంతువులు వస్తాయి. 1982లో నైమన్, లిండె, కారింగ్‌ల బృందం స్వీడన్‌లో చిగురుకూ వేరుకూ మధ్య వడపోత పొరను అడ్డుపెట్టి, మనిషి పంటి మీదే దీన్ని చూపించింది. 2004లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో సాంగ్‌టావో షి బృందం జ్ఞానదంతాల వేళ్ల మీది పొర నుంచి మూలకణ లక్షణాలున్న కణాలను వేరుచేసింది. రోగనిరోధక శక్తి తగ్గించిన ఎలుకల్లో పెడితే అవి సిమెంటం లాంటి పొరను, దానికి అంటిన తంతువులను కట్టాయి. మీరు పసుపు సంచిలో వేయిస్తున్న జ్ఞానదంతాల వేళ్ల మీద ఉన్నదీ ఆ పొరే.

ఇక తీసే గది సంగతి. ప్రయోగశాలలో ఎంత జాగ్రత్త పడినా, ఇక్కడ మొదటి పావుగంటలో జరిగిన నష్టం పూడదు. పన్ను తీసే వారికి ముందే చెప్పాలి: వీలైనంత వరకు లిగమెంట్ లోపలికే మత్తు ఎక్కించే ఇంట్రాలిగమెంటరీ ఇంజెక్షన్ వాడవద్దని, పటకారు పట్టు చిగురు పైన కనిపించే భాగం (క్రౌన్) మీదే ఉంచమని, తీశాక వేరును గాజుగుడ్డతో తుడవవద్దని. ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని ముక్కలుగా కోయాల్సి వస్తే బర్ వేడికి ఆ పక్క కణాలు పోతాయి. అలాంటి పన్నును ఈ పనికి తీసుకోకపోవడమే మంచిది. తీసే ముందు రోగి క్లోర్‌హెక్సిడిన్‌తో ఒక నిమిషం పుక్కిలిస్తే నోటి క్రిములు తగ్గుతాయి, కానీ అదే ద్రవం వేరుకు తగిలితే తంతువులను కట్టే కణాలైన ఫైబ్రోబ్లాస్టులను చంపుతుంది. అందుకని పన్నును క్లోర్‌హెక్సిడిన్‌లో ముంచకూడదు. స్పిరిట్, ఫార్మలిన్, హైపోక్లోరైట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అసలు వద్దు. కుళాయి నీళ్లూ వద్దు: వాటిలో లవణం చాలా తక్కువ కాబట్టి కణాలు నీరు పీల్చి ఉబ్బి పగులుతాయి.

ముందుగానే 50 మి.లీ. స్టెరైల్ గొట్టాల్లో 20 మి.లీ. చొప్పున కణాలకు పోషణనిచ్చే ద్రవం (మీడియం) ఆల్ఫా-ఎంఈఎం లేదా హ్యాంక్స్ ద్రావణం పోసి, మి.లీ.కు పెన్సిలిన్ 200 యూనిట్లు, స్ట్రెప్టోమైసిన్ 200 మైక్రోగ్రాములు, యాంఫోటెరిసిన్-బి 2.5 మైక్రోగ్రాములు కలిపి, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంచాలి. పన్ను సాకెట్ దాటిన నిమిషంలోపే గొట్టంలో పడాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఐసు ముక్కల్లో నేరుగా పాతేయడమూ మంచిది కాదు, అంచుల్లో గడ్డకట్టవచ్చు. ఐస్ ప్యాక్‌కూ గొట్టానికీ మధ్య గుడ్డ ఉండాలి. అదే పూట ల్యాబ్‌కు చేరితే మేలు, 24 గంటలు దాటితే ఆ నమూనాను లెక్కలోంచి తీసేయాలి. గొట్టం మీద పేరు రాయకూడదు. కోడ్, తేదీ, తీసిన సమయం, ఏ పన్ను అన్నవి చాలు. దాత వయసు, మధుమేహం ఉందా, పొగ తాగుతారా, గుట్కా నములుతారా, ఎముకల మందులు వాడుతున్నారా అన్నవి అదే కోడ్‌తో వేరే పుస్తకంలో ఉండాలి. ఈ పుస్తకం లేకుండా వచ్చిన పన్ను ఎంత తాజాగా ఉన్నా పరిశోధనకు సగం విలువే.

ల్యాబ్‌లో పన్నును ఫాస్ఫేట్ బఫర్‌లో నాలుగైదు సార్లు కడిగాక, 15వ నంబరు బ్లేడుతో వేరు మధ్య మూడో వంతు నుంచే పొరను గీరాలి. ఇది చిన్న విషయంలా కనిపించినా చాలా పనులు చెడేది ఇక్కడే. పై మూడో వంతులో చిగురు ముక్కలు అంటి ఉంటాయి, చిగురు ఫైబ్రోబ్లాస్టులు ఫ్లాస్కులో త్వరత్వరగా పెరిగి మిగతావాటిని మించిపోతాయి. కింది మూడో వంతులో, ముఖ్యంగా వేరు కొస ఇంకా మూసుకోని పదిహేను, పదహారేళ్ల పిల్లల జ్ఞానదంతాల్లో, పంటి లోపలి మెత్తటి భాగమైన పల్ప్ వైపు కణాలు కలుస్తాయి. సూక్ష్మదర్శినిలో ఈ మూడు రకాలూ కదురు ఆకారంలోనే ఉంటాయి. కంటితో తేడా తెలియదు.

గీరిన పొరను మి.లీ.కు 3 మి.గ్రా. కొల్లాజినేజ్ టైప్-1, 4 మి.గ్రా. డిస్పేజ్ ఉన్న ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, 70 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, 15 శాతం సీరం, 100 మైక్రోమోలార్ ఆస్కార్బిక్ ఆమ్లం 2-ఫాస్ఫేట్, 2 మిల్లీమోలార్ గ్లూటమిన్ కలిపిన ఆల్ఫా-ఎంఈఎంలో వేయాలి. ఇంక్యుబేటర్‌లో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండాలి. మొదటి మూడు రోజులు ఫ్లాస్కును కదపకూడదు. రోజూ తీసి చూడాలన్న ఆత్రం వల్ల అప్పుడే అంటుకుంటున్న కణాలు ఊడిపోతాయి. ఎంజైము దొరకనప్పుడు పొరను 1 మి.మీ. ముక్కలుగా పెట్టి కణాలు బయటికి పాకేదాకా ఆగే పద్ధతీ (ఎక్స్‌ప్లాంట్) ఉంది. అందులో ముక్కలు తేలిపోకుండా మొదట చాలా పలచగా మీడియం పోయాలి. రెండింటిలో వచ్చే కణాల గుంపు ఒకటి కాదు: ముక్కల పద్ధతిలో పాకే గుణం ఎక్కువున్నవే బయటికొస్తాయి. కాబట్టి ఒక అధ్యయనంలో కొందరు దాతలకు ఎంజైము, కొందరికి ముక్కలు వాడితే ఆ పోలిక చెల్లదు. పరిశోధన ప్రతిపాదనలో "ఎంజైము లేదా ఎక్స్‌ప్లాంట్" అని రాసి ఉంటే, ఏదో ఒకటి తేల్చుకుని రమ్మని కమిటీ వెనక్కి పంపాలి.

ఫ్లాస్కు 70–80 శాతం నిండాక పాసేజ్ చేయాలి, అంటే కణాలను విడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి మార్చాలి. పూర్తిగా నిండనిస్తే కణాలు వాటంతట అవే గట్టిపడే దారి పట్టడం మొదలెడతాయి. ప్రయోగాలకు మూడు నుంచి ఐదో పాసేజ్ మధ్యవి వాడాలి. అన్ని గుంపులూ ఒకే పాసేజ్‌లో ఉండాలి. మబ్బుపట్టిన మీడియం కనబడితే యాంటీబయాటిక్ మోతాదు పెంచి నెట్టుకురావడం కాకుండా ఆ ఫ్లాస్కును పారేయాలి. మబ్బు కూడా పట్టించకుండా కూర్చునేది మైకోప్లాస్మా. దానికి కణ గోడ లేదు, అందుకే పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయదు. కణాల పెరుగుదలను, జన్యువుల పనిని మార్చేస్తుంది గానీ బయటికి ఏమీ కనిపించదు. రెండు వారాలకోసారి పీసీఆర్‌తో చూడడం తప్ప దారి లేదు. మైకోప్లాస్మా పరీక్ష ఫలితం జతచేయని కణ అధ్యయనాన్ని సిద్ధాంత వ్యాసంగా అంగీకరించకూడదని మా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు కమిటీలు అడగాల్సిన ప్రశ్నలకు వస్తాం.

మొదటిది దాతల సంఖ్య. ఒకరి పన్ను నుంచి కణాలు పెంచి, ప్లేటులోని మూడు గుంటల్లో వేసి, మూడు కొలతలు తీసి "ఎన్ = 3" అని రాస్తున్నారు. అది ముగ్గురు దాతలు కాదు, ఒకే దాతను మూడుసార్లు కొలవడం. ఆ మూడింటి మధ్య తేడా పిప్పెట్ పట్టిన చేతి నిలకడను చెబుతుందే తప్ప మనుషుల మధ్య తేడాను చెప్పదు. ఇద్దరు దాతల లిగమెంట్ కణాలు ఒకే మీడియంలో ఎంత తేడాగా గట్టిపడతాయో ఈ పని చేసిన ఎవరికైనా తెలుసు. కనీసం ఆరుగురు వేర్వేరు దాతలు, ఒక్కొక్కరికి మూడేసి గుంటలు, గణాంకాల్లో దాతే యూనిట్: ఈ లెక్క లేని ప్రతిపాదనకు అనుమతి ఇవ్వకండి. ఆరుగురు దొరకరన్న మాట పళ్లు తీసే కళాశాలలో నిలవదు.

రెండోది, ఆ కణాలు ఏమిటన్న రుజువు. అంతర్జాతీయ కణ చికిత్స సంఘం 2006లో పెట్టిన కనీస ప్రమాణాలు అందరూ ఉదహరిస్తారు: ప్లాస్టిక్‌కు అంటుకోవాలి, సీడీ73, సీడీ90, సీడీ105 అనే ఉపరితల గుర్తులు కనీసం 95 శాతం కణాల మీద ఉండాలి, సీడీ45, సీడీ34 వంటి రక్త కణాల గుర్తులు 2 శాతానికి మించకూడదు, ఎముక, కొవ్వు, మృదులాస్థి వైపు మళ్లగలగాలి. ఇవి అవసరమే, కానీ ఇక్కడ చాలవు. మామూలు చిగురు ఫైబ్రోబ్లాస్టులు కూడా మొదటి మూడు గుర్తులను చూపిస్తాయి. ఆ గుర్తులను లెక్కించే ఫ్లో సైటోమెట్రీ గ్రాఫులు అందంగా రావచ్చు, ఫ్లాస్కులో ఉన్నది చిగురు కణాలే కావచ్చు. లిగమెంట్ కణాలని చెప్పాలంటే సీడీ146తో పాటు పెరియోస్టిన్, స్క్లెరాక్సిస్, పీఎల్ఏపీ-1 వంటి గుర్తులు చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అదే దాత చిగురు నుంచి పెంచిన ఫైబ్రోబ్లాస్టులను పక్కన పెట్టి పోల్చాలి. పన్ను తీసేటప్పుడు అంచు నుంచి వేరుపడిన చిన్న చిగురు ముక్క దీనికి సరిపోతుంది, దాని ప్రస్తావన కూడా సమ్మతి పత్రంలో ఉంటే చాలు.

మూడోది ఎర్ర రంగు. డెక్సామెథాసోన్, ఆస్కార్బేట్, 10 మిల్లీమోలార్ బీటా-గ్లిసరోఫాస్ఫేట్ కలిపిన మీడియంలో 21 రోజులు ఉంచి, అలిజరిన్ రెడ్ వేసి, ఎర్రబడితే "ఎముక ఏర్పడింది" అని తీర్మానిస్తున్నారు. అలిజరిన్ రెడ్ కాల్షియానికి పట్టే రంగు, ఎముకకు కాదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైము అంత గ్లిసరోఫాస్ఫేట్‌ను విడగొట్టినప్పుడు మీడియంలో ఫాస్ఫేట్ పేరుకుని, కణాల ప్రమేయం పెద్దగా లేకుండానే కాల్షియం ఫాస్ఫేట్ అవక్షేపంగా దిగుతుంది. చనిపోయిన కణాల చెత్త మీద కూడా అది దిగుతుంది. కాబట్టి కణాలు లేని గుంటలు, చంపిన కణాలున్న గుంటలు అదే మీడియంతో అదే 21 రోజులు పక్కన ఉండాలి. గ్లిసరోఫాస్ఫేట్‌ను 2 మిల్లీమోలార్‌కు తగ్గించి కూడా చూడాలి. రంగు పీహెచ్ 4.1–4.3 మధ్య ఉండాలి. ఫొటోతో ఆపకుండా రంగును సెటైల్‌పిరిడినియం క్లోరైడ్‌తో కరిగించి కొలవాలి. ఆస్టియోకాల్సిన్, బోన్ సియాలోప్రోటీన్ జన్యువుల పని కూడా చూడాలి. ఇక్కడ ఇంకో మాట. లిగమెంట్ పని ఎముకగా మారడం కాదు, మారకుండా ఉండడం. ఎంత ఎర్రబడితే అంత మంచి కణాలనే కొలమానమే ఈ కణజాలం స్వభావానికి ఎదురు. తంతువులను కట్టే శక్తి, సాగదీసినప్పుడు స్పందించే తీరు కొలిచే పరిశోధనలు మన దగ్గర మరిన్ని రావాలి.

నాలుగోది ఫ్లోరైడ్ మోతాదు. దీన్ని ప్రత్యేకంగా రాయడానికి కారణం మీకు తెలుసు. నేటి ప్రకాశం ప్రాంతపు పల్లెలు కలిసి ఉన్న నాటి నెల్లూరు జిల్లా నుంచే ఎముకల ఫ్లోరోసిస్ గురించి షార్ట్ బృందం 1937లో రాసింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఆ నీళ్లు తాగిన మనుషుల దవడ ఎముకలో, లిగమెంట్‌లో ఏం జరుగుతుందో తేల్చడానికి మన రాష్ట్రాల కంటే తగిన చోటు తక్కువ. అలాంటి ప్రశ్నను తీసుకుని కణాల మీద 5 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్ పోసి 24 గంటల్లో ఎన్ని చచ్చాయో లెక్కపెడితే ఏం తెలుస్తుంది? 5 మిల్లీమోలార్ అంటే లీటరుకు 95 మి.గ్రా. ఫ్లోరైడ్. తాగునీటికి భారత ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మి.గ్రా., అంటే దాదాపు 79 మైక్రోమోలార్ (0.079 మిల్లీమోలార్). రక్తంలోకి వచ్చేసరికి అది ఇంకా ఎంతో తక్కువ, మైక్రోమోలార్లలోనే ఉంటుంది. ఫ్లోరోసిస్ ఊళ్లలోనూ మిల్లీమోలార్ దరిదాపులకు రాదు. పైగా మీడియంలో 1.8 మిల్లీమోలార్ దగ్గర కాల్షియం ఉంటుంది. ఫ్లోరైడ్ అంత ఎక్కువైతే కాల్షియం ఫ్లోరైడ్‌గా దిగిపోతుంది, కణాలకు కాల్షియం కరువవుతుంది. అప్పుడు కణాలు ఫ్లోరైడ్ వల్ల చచ్చాయా, కాల్షియం లేక చచ్చాయా అన్నది తేలదు. 1 నుంచి 50 మైక్రోమోలార్ల మధ్య మోతాదులతో, వారాల తరబడి, ప్రతిసారీ మీడియంలోని ఫ్లోరైడ్‌ను అయాన్ ఎలక్ట్రోడ్‌తో కొలుస్తూ చేయాలి. ఎముక తనలో దాచుకున్న ఫ్లోరైడ్‌ను, దాన్ని కరిగించే కణాలు ఒకే చోట విడుదల చేస్తాయి కాబట్టి అక్కడ గాఢత రక్తం కంటే ఎక్కువ ఉండొచ్చన్న వాదన సరైనదే. దాన్ని పరీక్షించాలంటే ఫ్లోరోసిస్ ఊళ్ల దాతల పళ్లూ, తక్కువ ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్ల దాతల పళ్లూ కలిపి పోల్చాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాల నుంచి మీ కళాశాలలకు వచ్చే రోగుల పళ్లే ఇందుకు ఆధారం. దాత ఊరి పేరు, తాగే నీరు బోరుదా, శుద్ధిచేసిందా, ఎన్నేళ్లుగా అన్నవి పుస్తకంలోకి ఎక్కించడానికి రెండు నిమిషాలు చాలు.

మధుమేహం గురించీ ఇంతే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా కట్టింది. వీళ్లలో చిగుళ్ల జబ్బు ఉధృతంగా ఉంటుంది. అయినా మనం పెంచే కణాలన్నీ క్లిప్పుల కోసం వచ్చిన ఆరోగ్యవంతులైన పిల్లలవే. చికిత్స కావాల్సింది యాభై ఏళ్ల మధుమేహ రోగికైతే, పదిహేనేళ్ల పిల్లవాడి కణాలు ఇచ్చే సమాధానం అతనికి పూర్తిగా వర్తించదు.

సదుపాయాల దగ్గరికొస్తే, ప్రతి కళాశాల తనకొక కణ ల్యాబ్ పెట్టుకోవడం మాకు మంచి ఆలోచనగా తోచడం లేదు. మూడేళ్ల దంత పీజీ కోర్సు ఎండీఎస్‌లో ఒక విద్యార్థి పని నేర్చుకునేలోపే కోర్సు అయిపోతుంది. తర్వాత వచ్చే విద్యార్థి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి, మధ్యలో ఇంక్యుబేటర్ మూలపడుతుంది. విశ్వవిద్యాలయానికి ఒకటి చొప్పున ఉమ్మడి ల్యాబ్, అందులో నిలకడగా ఉండే ఇద్దరు టెక్నీషియన్లు ఉంటే మేలు. అడ్డంగా గాలి వీచే లామినార్ ఫ్లో ఉన్నంతమాత్రాన సరిపోదు: అది నమూనాను కాపాడుతుంది గానీ, మనిషి రక్తం అంటిన కణజాలం మీది గాలిని పనిచేసేవాళ్ల ముఖం మీదికే కొడుతుంది. క్లాస్-2 బయోసేఫ్టీ క్యాబినెట్ తప్పనిసరి. కరెంటు పోతే ఇంక్యుబేటర్‌ను నడపడానికి యూపీఎస్, జనరేటర్ రెండూ ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఒకటి వాడకంలో, ఒకటి నిండుగా పక్కన ఉండాలి. ఆదివారం రాత్రి సిలిండర్ ఖాళీ అయితే మీడియం పీహెచ్ పెరిగి సోమవారం ఉదయానికి ఊదారంగుకు తిరిగి ఉంటుంది.

కణాలను దాచాలంటే, మంచు స్ఫటికాల నుంచి కాపాడే 10 శాతం డీఎంఎస్‌ఓతో, నిమిషానికి 1 డిగ్రీ చొప్పున చల్లబరచి, రాత్రంతా మైనస్ 80లో ఉంచి, మర్నాడే ద్రవ నత్రజనికి మార్చడం సరైన వరస. చాలాచోట్ల మైనస్ 80 దగ్గరే నెలల తరబడి వదిలేస్తారు, ఆ కణాలు కరిగించాక సరిగా అంటుకోవు. ద్రవ నత్రజని పాత్ర (డ్యూయర్) ఉన్న గదికి కిటికీ, ఆక్సిజన్ అలారం రెండూ ఉండాలి. మూసిన చిన్న గదిలో ఆవిరైన నత్రజని వాసన లేకుండానే మనిషి ప్రాణం తీయగలదు. దూడ సీరం ఒక బ్యాచికి ఇంకో బ్యాచికి పొంతన ఉండదు, కాబట్టి ఒక అధ్యయనం మొత్తానికి సరిపడా ఒకే బ్యాచి కొనాలి. దానికి ప్రత్యామ్నాయంగా బ్లడ్ బ్యాంకుల్లో గడువు తీరిన ప్లేట్‌లెట్లను ఫ్రీజ్ చేసి, కరిగించి తీసే లైసేట్‌ను 5–10 శాతం వాడవచ్చు, గడ్డకట్టకుండా మి.లీ.కు 2 యూనిట్ల హెపారిన్ కలపాలి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకే పారేస్తారు. ఉమ్మడి ల్యాబ్ ఒక బ్లడ్ బ్యాంకుతో ఒప్పందం చేసుకుంటే ఖర్చులో పెద్ద భాగం తగ్గుతుంది.

సమ్మతి పత్రం గురించి ఎథిక్స్ కమిటీలకు సూటిగా చెబుతాం. పన్ను ఎలాగూ పారేసేదే కదా, సమ్మతి ఎందుకన్న మాట వినిపిస్తుంది. పారేయడానికి ఒప్పుకున్నంత మాత్రాన పరిశోధనకు ఒప్పుకున్నట్టు కాదు. పన్ను తీయడానికి ఒక సంతకం, పరిశోధనకు ఇవ్వడానికి వేరే సంతకం ఉండాలి, రెండోది అడిగే వ్యక్తి పన్ను తీసే డాక్టర్ కాకూడదు. క్లిప్పుల కోసం వచ్చేవాళ్లలో చాలామంది పద్దెనిమిదేళ్ల లోపువారు. తల్లిదండ్రుల సమ్మతితో పాటు, పన్నెండేళ్లు దాటిన పిల్లల నుంచి రాతపూర్వక అంగీకారం కూడా తీసుకోమని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పత్రంలో ఈ మాటలు వాడుక తెలుగులో ఉండాలి: "పన్ను ఇవ్వకపోయినా మీ చికిత్సలో ఏ మార్పూ ఉండదు. మీ పంటి నుంచి పెంచిన కణాలను ఇన్నేళ్లు దాచుతాం. వద్దనుకుంటే ఫలానా నంబరుకు చెప్పండి, నాశనం చేస్తాం. ఈ కణాలను మీకు గానీ ఇంకెవరికి గానీ చికిత్సగా ఎక్కించం, అమ్మం."

ఆ చివరి వాక్యం ఊరికే రాసింది కాదు. 2017 జాతీయ మూలకణ మార్గదర్శకాల ప్రకారం బొడ్డుతాడు రక్తం తప్ప పంటి కణజాలం వంటివాటి వాణిజ్య నిల్వకు అనుమతి లేదు. రక్త జబ్బులకు చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప మిగతా ఏ జబ్బుకైనా మూలకణాలు వాడాలంటే అది నమోదైన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. చిగుళ్లకు "స్టెమ్ సెల్ చికిత్స" అని బోర్డు పెట్టి రోగి రక్తం నుంచి తీసిన పీఆర్‌ఎఫ్ పెట్టడం రోగిని తప్పుదోవ పట్టించడమే. పీఆర్‌ఎఫ్ అంటే ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు చిక్కుకున్న ఫైబ్రిన్ గడ్డ, దానికి దాని ఉపయోగాలున్నాయి, కానీ అది మూలకణ చికిత్స కాదు. మీ పూర్వ విద్యార్థుల క్లినిక్‌లకు ఈ సంగతి మీరు చెబితే వింటారు.

చికిత్స దాకా వెళ్లడానికి ఎంత దూరం ఉందో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. చైనాలోని షియాన్‌లో రోగుల సొంత లిగమెంట్ కణాలను ఎముక పొడితో కలిపి పెట్టిన యాదృచ్ఛిక ట్రయల్ 2016లో వెలువడింది. ప్రమాదం ఏమీ కనిపించలేదు, కానీ కణాలు పెట్టినవారికీ పొడి ఒక్కటే పెట్టినవారికీ ఎముక పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టోక్యోలో కణాలను ఎంజైముతో విడదీయకుండా, చల్లబరిస్తే వాటంతట అవే ఊడివచ్చే ప్లేటు మీద రేకుల్లా పెంచి, మూడు పొరలుగా పేర్చి వేరు మీద పరిచారు. కణాలు తాము కట్టుకున్న తంతువులతో సహా వేరును చేరతాయన్నది ఆ పద్ధతి బలం. దీనికి పెద్ద ట్రయల్ ఇంకా కావాలి. ఓపికగా చేస్తే మన దగ్గరా సాధ్యమేనని హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి చూపించింది. 2001 నుంచి కంటి అంచు మూలకణాలను ఉమ్మపొర మీద పెంచి కార్నియా దెబ్బతిన్న రోగులకు అమర్చారు. తర్వాత ల్యాబ్‌లో పెంచే అవసరమే లేకుండా చిన్న ముక్కలను నేరుగా కంటి మీద పేర్చే సులువైన పద్ధతిని 2012లో ప్రకటించారు. ప్రతి రోగినీ ఏళ్ల తరబడి వెంబడించి, ఫలితాలను ప్రచురించారు. దంత కళాశాలలకు ఇంతకంటే దగ్గరి ఆదర్శం అక్కర్లేదు.

వచ్చే సమావేశంలోనే మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కణాల మీద చేసే ప్రతి ప్రతిపాదన ఫారంలో నాలుగు గళ్లు చేర్చండి: వేర్వేరు దాతల సంఖ్య ఎంత, అదే దాత చిగురు కణాలతో పోలిక ఉందా, కణాలు లేని గుంటల కంట్రోల్ ఉందా, మైకోప్లాస్మా పరీక్ష ఎప్పుడెప్పుడు. ఓరల్ సర్జరీ, ఆర్థోడాంటిక్స్ విభాగాల ఫ్రిజ్‌లలో మీడియం గొట్టాలు పెట్టించి, వాటి తయారీ తేదీ చూసి నెలకోసారి మార్చే బాధ్యత ఒకరికి అప్పగించండి. తెలుగు సమ్మతి పత్రం నమూనాను రెండు విశ్వవిద్యాలయాలూ కలిసి ఒకటే ఖరారు చేస్తే కళాశాలల మధ్య పళ్ల, కణాల నమూనాలు మార్చుకోవడం సులువవుతుంది. ఉమ్మడి ల్యాబ్‌కు నిధుల ప్రతిపాదన రాయాల్సి వస్తే పరికరాల జాబితా, గది కొలతలు, ప్రొటోకాళ్లు, రికార్డు పుస్తకం నమూనా ఇవ్వడానికి, టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం. వాటికి డబ్బు అడగం.

ఇట్లు,
పంటి ఆధార కణజాలాలు, ఎముక కణాల మీద పనిచేస్తున్న అధ్యాపకులు, పరిశోధకులు